నీ-ఓలెసున్‌లో గాలి వడపోత

శనివారం, లాంగియర్‌బియెన్

ఓస్లోలో బయలుదేరిన విమానం మూడు గంటల్లో ఉత్తర ధ్రువానికి చేరువలోని ద్వీపసమూహమైన స్వాల్‌బార్డ్‌లో దింపింది. ఏప్రిల్ చివరి వారం. మన దగ్గర మధ్యాహ్నం తారు మెత్తబడే రోజులు. ఇక్కడ మైనస్ పద్నాలుగు. రాత్రి పదకొండుకు కూడా కొండల మీద ఎండ పడుతూనే ఉంది. ఏప్రిల్ మూడో వారంలో ఉదయించిన సూర్యుడు ఈ అక్షాంశంలో మళ్లీ ఆగస్టు చివర్లో గానీ అస్తమించడు.

ఈ ద్వీపాలు నార్వే ఏలుబడిలో ఉన్నా 1920 నాటి ఒప్పందం ప్రకారం సంతకం చేసిన దేశాల వాళ్లెవరైనా ఇక్కడ ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. మొదట సంతకం చేసిన జాబితాలో భారతదేశం పేరు కూడా ఉంది, బ్రిటిష్ వారి చాటున. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదని అందరూ గొప్పగా చెబుతారు. ఓస్లో మీదుగా రావాలంటే షెంజెన్ వీసా తప్పదు కాబట్టి ఆ గొప్ప కాగితం మీదే మిగిలింది.

మేమిద్దరం. నేను భౌతికశాస్త్రం చెప్పే పంతులును. నాతో వచ్చిన పరిశోధక విద్యార్థి శ్రీకాకుళం తీరపు కుర్రాడు, నన్ను మాస్టారూ అంటాడు. మా సామానులో ఒక పంపు, దాని మోటారు, పెట్టెడు గాజునార ఫిల్టరు కాగితాలు, చేతిలో పట్టుకునే చిన్న రేడియేషన్ మీటరు ఉన్నాయి. గాలిలోని సూక్ష్మ ధూళిని ఫిల్టరు మీద పట్టి, ఆ ధూళికి అంటుకున్న రేడియోధార్మిక మూలకాలేమిటో, ఎంతెంతో తేల్చడం మా పని.

ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు మా మేనత్త, "అక్కడ రేడియేషన్ ఉందటగా, ఎందుకురా వెళ్లడం?" అంది. విమానం పది కిలోమీటర్ల ఎత్తులో ఉండగా కుర్రాడు మీటరు తీసి చూపించాడు. నేల మీద చూసిన అంకెకు చాలా రెట్లు ఎక్కువ. పైనుంచి పడే విశ్వకిరణాల పుణ్యం అది. రన్‌వే తాకేసరికి అంకె మళ్లీ మామూలైంది. ఈ యాత్ర మొత్తంలో మాకు ఎక్కువ రేడియేషన్ తగిలింది ఆ సీట్లలో కూర్చున్నప్పుడే. అత్తయ్యకు ఆ సంగతి చెప్పలేదు, మళ్లీ విమానం ఎక్కనివ్వదు.

ఆదివారం, ప్లాటోబెర్గెట్

మేము పని చేయాల్సిన నీ-ఓలెసున్‌కు విమానం రేపు. ఖాళీ రోజు కాబట్టి ఊరి పక్కనున్న ప్లాటోబెర్గెట్ కొండ వైపు వెళ్లాం. ఆ కొండ వాలులోనే ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. పర్యాటకులంతా దాని ద్వారం ముందు ఫొటోలు దిగి వెనక్కి మళ్లుతారు. పైన పీఠభూమి మీద ఉపగ్రహాల సమాచారం అందుకునే తెల్లటి గుమ్మటాలు వరుసగా ఉంటాయి. నన్ను అక్కడికి లాగింది మాత్రం ఇంకొకటి. అణు పరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందం కోసం నార్వే నడిపే రేడియోధార్మికత పరిశీలన కేంద్రం ఈ కొండ మీదే ఉంది. ప్రపంచమంతటా ఇలాంటివి 80 ఉండాలన్నది ఒప్పందంలోని లెక్క. ఇది అందులో 49వది. లోపలికి వెళ్లే అనుమతి మాకు లేదు, మేము అడగలేదు. కంటికి కనబడేంత దూరం నుంచి చూసి వచ్చాం.

ఆ కేంద్రాల పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒక రోజంతా గాలి పీలుస్తారు, గంటకు 500 ఘనపు మీటర్లకు తగ్గకుండా. రెండో రోజు ఆ ఫిల్టరును ఊరికే పక్కన పెడతారు. మూడో రోజు అంతా జెర్మేనియం డిటెక్టర్ ముందు ఉంచి గామా కిరణాలు లెక్కపెడతారు. నడిమి రోజు ఏమీ చేయకపోవడమే ఇందులోని తెలివి. నేలలోంచి వచ్చే రాడాన్, థోరాన్ వాయువుల సంతానం ఫిల్టరు మీద పేరుకుని గోల చేస్తుంది. అందులో మొండిది సీసం-212, దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 10.6 గంటలు. ఒక రోజు ఆగితే ఆ గోల చాలావరకు సద్దుమణిగి, వెతుకుతున్నది ఉంటే బయటపడుతుంది.

ధూళితో పాటు ఈ కొండ మీద జెనాన్ వాయువును కూడా పట్టే యంత్రం ఉంది. భూగర్భంలో బాంబు పేల్చి పైన కాంక్రీటు బిగించినా జెనాన్ పగుళ్లలోంచి పాకి బయటికి వస్తుంది. దేనితోనూ కలవదు కాబట్టి దాన్ని ఫిల్టరు ఆపలేదు, వాన కడగలేదు. 2006 అక్టోబరులో ఉత్తర కొరియా భూగర్భ పరీక్ష జరిపినప్పుడు, ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కెనడాలోని యెల్లోనైఫ్ కేంద్రం జెనాన్-133ను పసిగట్టింది.

ఈ ఒప్పందం మీద 1996 నుంచీ మన దేశం సంతకం చేయలేదు. అందుకు ప్రభుత్వాలు చెప్పే కారణాలు వాళ్లకున్నాయి. అయితే సంతకం చేయని దేశానికి ఈ కేంద్రాల రోజువారీ సమాచారం అందదు. గాలిని కొలిచే మనిషిగా నాకు ఇది నష్టంగానే తోస్తుంది. కుర్రాడు మాత్రం, "అందుకేగా మాస్టారూ, మన పంపు మనం మోసుకొచ్చాం" అన్నాడు.

సోమవారం, నీ-ఓలెసున్

డోర్నియర్ 228 విమానం. ఇదే నమూనాను కాన్పూరులో మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారు చేస్తుంది కాబట్టి చుట్టపు చూపు చూసి ఎక్కాను. అరగంట లోపే హిమనదాల మీదుగా ఎగిరి, కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున దింపింది. ఉత్తర ధ్రువం ఇక్కడికి దాదాపు 1,230 కిలోమీటర్లు.

ఊరంటే పరిశోధకుల ఊరు. చలికాలంలో ముప్పై నలభై మంది, వేసవిలో నూటికి పైగా. నార్వే, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, చైనా, జపాన్, కొరియా, మనం. చైనా కేంద్రం గుమ్మానికి రెండు రాతి సింహాలు కాపలా ఉన్నాయి. మన కేంద్రం పేరు హిమాద్రి, 2008 జులై 1న మొదలైంది. అంతకు ముందు ఏడాది మొదటి బృందం వచ్చి వెళ్లింది. చాలాకాలం వేసవికే పరిమితమైన మన ఉనికి 2023 డిసెంబరు నుంచి చలికాలపు చీకటిలోనూ మొదలైంది.

దిగగానే నియమాల పాఠం. ఊరి హద్దు దాటితే రైఫిల్ వాడటం నేర్చిన మనిషి తోడుండాలి, ధ్రువపు ఎలుగుబంట్ల వల్ల. తలుపులకు తాళాలు వేయకూడదు, ఎలుగు తరిమితే ఎవరైనా ఏ ఇంట్లోనైనా దూరాలి కదా. ఇంట్లోకి వెళ్లే ముందు బూట్లు విప్పాలి. బొగ్గు గనుల కాలం నాటి అలవాటట. మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అన్నింటికన్నా కష్టమైంది, ఫోనులో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. అనంత దూరంలో వెలిగే గెలాక్సీ కేంద్రాలైన క్వేజార్ల రేడియో తరంగాలు వినే యాంటెన్నాలు ఊరి పక్కనే ఉన్నాయి. చుట్టూ 20 కిలోమీటర్ల మేర వాటికి నిశ్శబ్దం కావాలి. వైరు లేని మౌసు కూడా నేరమే. కుర్రాడు తన చెవిలో పెట్టుకునే బొత్తాలను నిట్టూరుస్తూ సంచి అడుగున దాచాడు.

మంగళవారం

పంపును ఊరికి కిలోమీటరు దూరంలో గ్రూవెబాడెట్ అనే ప్రయోగశాల దగ్గర బిగించాం. అది ఒకప్పుడు గని కార్మికుల స్నానశాల. ఇప్పుడు ఇటలీ వాళ్ల చేతుల మీదుగా గాలిని పరిశీలించే చోటైంది, మన దేశపు పరికరాలు కూడా అక్కడ ఉన్నాయి. ఊరికి కరెంటు డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. దాని మసి ఫిల్టరును మూసేస్తుంది కాబట్టి ఊరికి ఎడంగా ఉండటమే మేలు.

మైనస్ పన్నెండులో చేతి తొడుగులు వేసుకుని చిన్న మరలు బిగించడం ఎలాంటి పనో వర్ణించను. మధ్యాహ్నానికి పంపు గుర్రుమంది. నిమిషానికి ఘనపు మీటరుకు కాస్త పైన గాలి. వారం తిరిగేసరికి పదకొండు వేల ఘనపు మీటర్ల గాలి ఒకే కాగితంలోంచి పోవాలి.

గాలి ఎక్కడిదో చెప్పే సాక్షులు రెండు. ఒకటి బెరీలియం-7. విశ్వకిరణాలు పైవాతావరణంలోని నత్రజని, ఆక్సిజన్ పరమాణువులను పగలగొడితే పుట్టేది, అర్ధాయువు 53 రోజులు. అది ఫిల్టరు మీద ఎక్కువగా పడిందంటే పైనున్న గాలి కిందికి దిగినట్టు. రెండోది సీసం-210. నేలలోని యురేనియం సంతతిలో రాడాన్ పుట్టి, గాలిలోకి తప్పించుకుని, అక్కడ కుళ్లి చివరికి సీసంగా మారుతుంది. అర్ధాయువు 22 ఏళ్లు. సముద్రం, మంచు రాడాన్‌ను పెద్దగా విడుదల చేయవు. కాబట్టి ఇక్కడ సీసం-210 దొరికిందంటే ఆ గాలి ఏదో ఖండం మీద తిరిగి వచ్చిందే. చలికాలం చివర, వసంతంలో యూరప్, ఆసియా ఖండాల పొగ, ధూళి ఉత్తరానికి చేరి ధ్రువప్రాంతం మీద మసకగా నిలిచిపోతాయి. ఇవాళ కూడా ఫ్యోర్డ్ అవతలి కొండల మీద తెల్లటి పొర ఉంది. అది మంచు పొగో, మన పుణ్యమో ఫిల్టరు చెబుతుంది.

పని అయ్యాక కుర్రాడు ఫిల్టరు దగ్గర మీటరు పెట్టి, "మా ఊరి ఇసుకలో దీనికన్నా ఎక్కువ మోగుతుంది మాస్టారూ" అన్నాడు. అబద్ధం కాదు. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో థోరియం. నిన్న కాక మొన్న కొండ మీద మాట్లాడుకున్న సీసం-212 ఆ థోరియం మనవడే. ఆ తీరంలో పుట్టినవాడు రేడియోధార్మికత లేని చోటుకని ఇంత దూరం రావడం నాకు నవ్వు తెప్పించింది. లేని చోటు భూమ్మీద లేదు, తక్కువ ఉన్న చోట్లే ఉన్నాయి.

బుధవారం, జెపెలిన్ కొండ

ఈ రోజు కోసమే ఎదురు చూశాను. ఊరికి దక్షిణంగా జెపెలిన్ కొండ, దాని మీద 474 మీటర్ల ఎత్తులో నార్వే వాళ్ల వాతావరణ పరిశీలనశాల. చిన్న రోప్‌వే డబ్బాలో ఎక్కాలి. గాలి గట్టిగా వీస్తే అది నడవదు, నడిచినా, అది నడవకపోతేనే బాగుండేదని మీరనుకుంటారు. కింద ఊరు అగ్గిపెట్టెలంతై, తూర్పున మూడు కిరీటాల్లాంటి శిఖరాలు బయటపడ్డాయి. స్వీడన్, నార్వే, డెన్మార్క్ పేర్ల మీద వాటిని స్వేయా, నూరా, దానా అంటారు.

అంత ఎత్తున ఎందుకంటే, చల్లని రోజుల్లో బరువైన గాలి కింద ఫ్యోర్డ్‌లో మూత వేసినట్టు నిలిచిపోతుంది. ఊరి పొగ ఆ మూత కిందే ఉంటుంది. పైన వీచేది దూరపు గాలి. బొగ్గుపులుసు వాయువు, మీథేన్, పాదరసం, మసి, అన్నీ ఇక్కడ ఏళ్ల తరబడి కొలుస్తున్నారు.

2011 మార్చి 11న జపాన్‌లో సునామీ. ఫుకుషిమా రియాక్టర్లు దెబ్బతిన్నాయి. ఈ కొండ మీద ఫిన్లండ్ పరిశోధకులు ఫిల్టర్ల మీద గాలిని పడుతున్నారు. మార్చి 25 నుంచి వాటి మీద అయోడిన్-131, సీజియం-134, సీజియం-137 కనిపించాయి. ప్రమాదం జరిగిన రెండు వారాలకు, గాలి భూగోళంలో సగం చుట్టి ఇక్కడికి చేరింది. గరిష్ఠంగా అయోడిన్ ఘనపు మీటరుకు 810 మైక్రోబెక్వెరళ్లు, సీజియం-134 659, సీజియం-137 675.

ఈ అంకెలు చూసి భయపడాలా? సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెక్వెరల్, అందులో పది లక్షలో వంతు మైక్రోబెక్వెరల్. 810 మైక్రోబెక్వెరళ్లంటే ఒక ఘనపు మీటరు గాలిలో ఇరవై నిమిషాలకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. మనిషి రోజుకు పీల్చేది సుమారు 20 ఘనపు మీటర్లు. ఆ రోజంతా ఈ కొండ మీద నిలబడి పీల్చినా లోపలికి పోయేది బెక్వెరల్‌లో అరవయ్యో వంతు. మన ఒంట్లోనే పుట్టుకతో ఉన్న పొటాషియం-40 నాలుగు వేల బెక్వెరళ్లకు పైగా మోగుతూ ఉంటుంది. అంటే హాని లెక్కలో ఇది లెక్కకు రాదు. వార్త లెక్కలో చాలా పెద్దది. నేను పాఠంలో ఈ రెండు లెక్కలను విడదీసి చెప్పడానికి ఏళ్లుగా తంటాలు పడుతున్నాను. కనిపెట్టగలిగినంత మాత్రాన ప్రమాదమని కాదు, ప్రమాదం లేనంత మాత్రాన కనిపెట్టడం వృథా అని కాదు.

ఇంకో విశేషం చూడండి. రెండు సీజియంలూ దాదాపు సమానంగా ఉన్నాయి. సీజియం-134 అర్ధాయువు రెండేళ్లే. 1986 నాటి చెర్నోబిల్‌లో పుట్టినదైతే పాతికేళ్లకు పూర్తిగా కరిగిపోయి, ముప్పై ఏళ్ల అర్ధాయువున్న 137 మాత్రమే మిగిలేది. బాంబు పరీక్షల ధూళిలో 134 దాదాపుగా ఉండదు. రెండూ పక్కపక్కన సమానంగా దొరికాయంటే అది ఈ మధ్యదాకా నడిచిన రియాక్టరు నుంచి వచ్చినట్టు. జపాన్ ఎవరికీ ఏమీ చెప్పకపోయినా ఈ కాగితం చెప్పి ఉండేది.

అలా చెప్పిన సందర్భం నిజంగానే ఉంది. 2017 శరదృతువులో యూరప్ అంతటా గాలి ఫిల్టర్ల మీద రుథేనియం-106 ఒక్కటే కనిపించింది. రియాక్టరు పేలితే సీజియం, అయోడిన్ కూడా రావాలి. అవి లేవంటే వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసే చోట ఏదో జరిగిందని నిపుణులు తేల్చారు, గాలి దారులు వెనక్కి లెక్కించి దక్షిణ ఉరల్ పర్వతాల వైపు చూపించారు. రష్యా ఒప్పుకోలేదు. ఫిల్టర్లకు ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు.

గురువారం

మంచు తుఫాను. పంపు నడుస్తోందా లేదా అని చూడటానికి తప్ప బయటికి వెళ్లలేదు. నడుస్తోంది.

శుక్రవారం

మెస్‌లో పెట్టే గోధుమరంగు జున్ను తియ్యగా, పంచదార పాకం రుచితో ఉంటుంది. కుర్రాడు దాన్ని పాలకోవా అని తినడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర జర్మన్ పరిశోధకుడొకాయన తూర్పు వైపు చూపించి, "అటు 1,200 కిలోమీటర్లు వెళితే నోవాయా జెమ్ల్యా" అన్నాడు. 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ 50 మెగాటన్నుల బాంబును అక్కడే గాలిలో పేల్చింది. ఇప్పటిదాకా మనిషి పేల్చిన వాటిలో పెద్దది. అప్పుడు ఈ ఊళ్లో బొగ్గు తవ్వుతున్నారు, గాలిని కొలిచే గోల లేదు. 1963లో వాతావరణంలో పరీక్షలు నిషేధిస్తూ ఒప్పందం వచ్చాక సోవియట్, అమెరికా, బ్రిటన్ భూమి లోపలికి దిగాయి. ఆ నాటి సీజియం ఇప్పటికీ మట్టిలో, మంచులో ఉంది. గాలికి దుమ్ము లేచినప్పుడు, అడవులు కాలినప్పుడు మళ్లీ కొంచెం తిరుగుతుంది. కాబట్టి మా ఫిల్టరు మీద సీజియం కనిపిస్తే అది కొత్తదో పాతదో ముందు తేల్చాలి.

ఆదివారం

నిన్న, ఇవాళ గాలి ఆగ్నేయం నుంచి, హిమనదాల మీదుగా ఫ్యోర్డ్ పొడవునా వీచింది. సెలవు కాబట్టి ఊరు తిరిగాం. ధ్రువ యాత్రికుడు అముండ్సెన్ విగ్రహం, పాత బొగ్గు రైలింజను, ఊరి చివర ఇనుప స్తంభం. 1926 మే 11న నోర్గె అనే గాలిఓడ ఆ స్తంభం నుంచే బయలుదేరి ధ్రువం మీదుగా అలాస్కా చేరింది. ఇంకొంచెం పైన గని గుర్తులు. 1962 నవంబరు 5న గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. దాని మీద రేగిన దుమారంలో మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గని మూసేశారు, ఖాళీ ఇళ్లలోకి పరిశోధకులు వచ్చారు. సింగరేణి పేలుళ్ల గురించి విని పెరిగిన నాకు ఆ రాళ్ల దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపించింది. కుర్రాడు అటు తిరిగి రెయిన్‌డీర్ల ఫొటోలు తీస్తున్నాడు.

మంగళవారం, ఫిల్టరు మార్పు

వారం పాటు గాలి తాగిన కాగితం లేత బూడిద రంగుకు తిరిగింది. మనదగ్గర నగరంలో అయితే రెండు రోజులకే నల్లబడేది. చేతికి కొత్త తొడుగులు, మూతికి గుడ్డ, పట్టకారుతో తీసి, దుమ్ము వైపు లోపలికి ఉండేలా మడిచి, సంచిలో పెట్టి మూసి, దాని మీద మొదలైన వేళ, ఆగిన వేళ, పోయిన గాలి ఘనపరిమాణం రాయాలి. వేళలు గ్రీన్విచ్ లెక్కలోనే. దానితో పాటే ఇంకో కాగితం ఉంటుంది. పంపులో పెట్టి, పంపు ఆన్ చేయకుండా తీసేసింది. ఈ దూరం ఇదీ ప్రయాణం చేస్తుంది, ఇదీ డిటెక్టర్ ముందు కూర్చుంటుంది. కాగితంలోనే, సంచిలోనే ఏదైనా ఉంటే అది పట్టిస్తుంది. ఏ పనీ చేయని ఈ కాగితాన్ని కుర్రాడు అల్లుడుగారు అంటాడు.

మన డిటెక్టరు ఇక్కడ లేదు, ఇండియాలో ఉంది. ఫిల్టరు అక్కడికి చేరి వరుసలో దాని వంతు వచ్చేసరికి వారాలు పడుతుంది. అయోడిన్-131 అర్ధాయువు ఎనిమిది రోజులు. అప్పటికి వచ్చింది వచ్చినట్టే పోతుంది. అందుకే మాది హెచ్చరిక పని కాదు. ప్లాటోబెర్గెట్ మీది కేంద్రం చేసేది అది. మాది గాలి దారులు నెమ్మదిగా రాసుకునే పని. రెండింటినీ కలిపి మాట్లాడి నిధులు అడిగేవాళ్లంటే నాకు చికాకు.

గురువారం

మేఘాలు దిగి విమానం రెండుసార్లు వాయిదా పడి, సాయంత్రానికి వచ్చింది. ఫిల్టర్లు చేతిసంచిలో. పంపు అక్కడే నడుస్తోంది. మా తర్వాతి బృందంలోని ఆమెకు మరల కొలతలు, ఫిల్టరు తీసే పద్ధతి, ఫ్యూజులు దాచిన చోటు చెప్పి వచ్చాం.

జూన్, ఇంటి దగ్గర

డిటెక్టర్ ముందు మొదటి ఫిల్టరు వంతు వచ్చింది. కుర్రాడు స్పెక్ట్రమ్ పంపాడు, ఏ శక్తి దగ్గర ఎన్ని గామా కిరణాలు పడ్డాయో చూపే గీత అది. 477.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర బెరీలియం-7 శిఖరం నిటారుగా ఉంది. ఎడమ చివర 46.5 దగ్గర సీసం-210, అనుకున్నట్టే. అంటే ఆ వారంలో కొండల మీద కనిపించిన పొరలో ఖండాల వాటా ఉంది. కుడివైపు 1,460 దగ్గర పొటాషియం-40. అది అల్లుడుగారి కాగితంలోనూ అంతే ఎత్తుంది కాబట్టి డిటెక్టర్ గదిదే, ధ్రువం నుంచి వచ్చింది కాదు. సీజియం-137 ఉండాల్సిన 661.7 దగ్గర గీత చదునుగా వణుకుతోంది.

"సీజియం గడిలో ఏం వేయమంటారు మాస్టారూ, సున్నాయా?"

"సున్నా వద్దు. మన యంత్రం కనిపెట్టగల పరిమితి ఎంతో లెక్కకట్టి, ముందు 'కంటే తక్కువ' గుర్తు పెట్టు."

ఆ పరిమితి కిందికి దిగాలంటే ఒక్క వారం ఫిల్టరు చాలదు. మే నెలవన్నీ చేరాక నాలుగింటినీ కలిపి నొక్కి, ఒకే బిళ్లగా చేసి, మూడు రోజుల పాటు డిటెక్టర్ ముందు ఉంచాలని అనుకున్నాం. మూడు రోజులు ఖాళీ దొరకాలంటే జులై రెండో వారం దాకా ఆగాలట. అతను పేరు రాయించుకున్నాడు.